అడుగున నీరు: సెలెతార్ నుండి చాంగి దాకా విమాన ఇంధనం కథ

పుంగ్గోల్ తీరంలో పాత జెట్టీ మీద నిలబడి ఉత్తరానికి చూస్తే, జొహోర్ జలసంధికి ఆవల మలేసియాలోని పాసిర్ గుడాంగ్ కనిపిస్తుంది: పొగగొట్టాలు, రేవులో నిలిచిన ఓడలు, వరుసగా తెల్లటి గుండ్రని ట్యాంకులు. పడమటికి తిరిగితే పుంగ్గోల్ ఏటికి అవతలి గట్టున సెలెతార్ విమానాశ్రయం ఉంది. చిన్న విమానాలు తక్కువ ఎత్తులో వచ్చి చెట్ల వెనక దిగిపోతుంటాయి. వెనక్కి తిరిగితే వేలాది కుటుంబాలు కాపురముంటున్న బహుళ అంతస్తుల భవనాలు. వాటిలో తెలుగువాళ్ళ ఇళ్ళకూ కొదవ లేదు. ఒకప్పుడు ఇది పందుల పెంపకానికి, చేపల వేటకు పేరుపడ్డ పల్లె. 1990 నాటికి పందుల దొడ్లు పోయాయి. 1996లో ప్రకటించిన ప్రణాళికతో కొత్త పట్టణం లేచింది.

ప్రమాదకరమైన ద్రవాలను నిల్వ చేయడంలో మనుషులు నేర్చుకున్న పాఠాలన్నీ ఈ కాస్త మేరలో పొరలుపొరలుగా పేరుకుని ఉన్నాయని నాకనిపిస్తుంది. ఇంధనం గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా మనం భయపడేది నిప్పుకు. కానీ విమాన ఇంధనానికి అసలు శత్రువు నీరు. ఇంధనం బయటికి పోకూడదు. ఇది అందరికీ తెలిసిన సంగతే. బయటిది ఇంధనంలోకి రాకూడదన్న రెండో నియమానికి ప్రచారం తక్కువ. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ రెండో నియమం చరిత్ర.

మొదట నిప్పు సంగతి. 1891లో లండన్ వర్తకుడు మార్కస్ శామ్యూల్ కిరసనాయిలును డబ్బాల్లో కాకుండా ఓడ కడుపులోనే నింపి తూర్పు దేశాలకు తేవాలని సంకల్పించాడు. అందుకు రేవుల్లో పెద్ద ట్యాంకులు కావాలి. సింగపూరులో ఆయన ఏజెంట్లు సైమ్ కంపెనీవారు అనుమతి కోరగా, ఊరికి ముప్పని వలస ప్రభుత్వం కాదంది. దాంతో వాళ్ళు ప్రధాన ద్వీపానికి దక్షిణాన, సముద్రంలో కొన్ని మైళ్ళ దూరంలో ఉన్న పులావ్ బుకోమ్ అనే చిన్న దీవిని ఎంచుకున్నారు. మరుసటి ఏడు మ్యూరెక్స్ అనే ట్యాంకరు ఓడ సూయజ్ కాలువ దాటి వచ్చింది. ఆ వర్తకం నుంచే షెల్ కంపెనీ పుట్టింది. 1961లో సింగపూరు మొదటి చమురు శుద్ధి కర్మాగారం వెలసిందీ ఆ బుకోమ్ మీదే. ఇక్కడ గమనించవలసింది ఆనాటి భద్రతాసూత్రం: దూరం. కాలేది ఏదైనా కాలనీ, మధ్యలో సముద్రం ఉంటే చాలు.

విమానాలు వచ్చాక ఈ సూత్రం సరిపోలేదు. విమానం ఉన్నచోటికి ఇంధనం వెళ్ళి తీరాలి.

1927 అక్టోబరులో ఇంగ్లండు నుండి బయలుదేరిన నాలుగు సూపర్‌మెరీన్ సౌతాంప్టన్ నీటివిమానాలు 1928 ఫిబ్రవరి 28న సెలెతార్ నీటిలో వాలాయి. అప్పటికి అక్కడ చిత్తడి నేలను, రబ్బరు తోటలను చదునుచేసి బ్రిటిష్ వైమానిక దళం స్థావరాన్ని కడుతున్నది. ఆ స్థావరానికి పోయే దారికి జలాన్ కాయు అని పేరు. మలయ్‌లో 'కాయు' అంటే కర్ర. నిర్మాణంలో పాలుపంచుకున్న వుడ్స్ అనే ఇంజనీరు పేరుకు అది అనువాదం. స్థావరంలో పనిచేసిన భారతీయుల వల్ల ఆ దారి వెంట వెలసిన పరాటా అంగళ్ళకు ఇప్పటికీ జనం వస్తారు. 1930 నుండి 1937లో కల్లాంగ్ విమానాశ్రయం తెరిచేదాకా సింగపూరుకు వచ్చే పౌర విమానాలూ సెలెతార్‌లోనే దిగేవి.

ఆ రోజుల్లో విమానంలో పెట్రోలు పోయడం పెద్ద తంతు. నాలుగు గాలన్ల రేకు డబ్బాలు తెచ్చి, మూత పొడిచి, గరాటాలో వంచేవారు. గరాటా మీద షామీ అనే మెత్తటి తోలు పరచి ఉండేది. పెట్రోలుతో ఒకసారి తడిసిన తోలు పెట్రోలును కిందికి వదులుతుంది, నీటిబొట్టును మాత్రం పైనే నిలుపుతుంది. డబ్బా ఓడలో నెలల తరబడి ఉండి ఉండవచ్చు, వానలో తడిసి ఉండవచ్చు, లోపల తుప్పు రాలి ఉండవచ్చు. వాటన్నిటికీ, కార్బురేటరు సన్నరంధ్రానికీ మధ్య ఉన్న కాపలా ఆ తోలు ముక్క ఒక్కటే. తోలు మీద నిలిచిన నీటిని పోసేవాడు కళ్ళారా చూసేవాడు. తర్వాత చెప్పబోయే కథలో ఈ 'కళ్ళారా' అన్న మాట ముఖ్యం.

ఇదే కాలంలో మన వైపు కూడా ఇదే పరిస్థితి. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుండి బొంబాయికి తపాలా విమానం నడిపినప్పుడు, దారిలో అహమ్మదాబాదులో బర్మా షెల్ పెట్రోలు డబ్బాలు ఎడ్లబండి మీద వచ్చాయి. బొంబాయి నుండి ఆ తపాలాను నెవిల్ వింట్సెంట్ బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చాడు. ఎడ్లబండికీ విమానానికీ నడుమ డబ్బా, డబ్బాకూ ఇంజనుకూ నడుమ తోలు: బళ్ళారి అయినా సెలెతార్ అయినా ఏర్పాటు ఒకటే.

1942 ఫిబ్రవరిలో ఇంధన నిల్వలు వేరే పాత్ర ధరించాయి. జపాన్ సేన జలసంధి దాటుతుండగా, బ్రిటిష్ పక్షం తన ట్యాంకులను తానే తగలబెట్టవలసి వచ్చింది. ఫిబ్రవరి 9, 10 తేదీల నడిమి రాత్రి ఉడ్‌లాండ్స్ దగ్గరి డిపో నుండి వదిలిన చమురు క్రాంజీ ఏటి మీద పరచుకుని అంటుకుంది. ఏటిలో ఉన్న జపాన్ సైనికులు మంటల్లో చిక్కుకున్నారు. కొద్ది రోజులకే నార్మంటన్ డిపో నుండి పారిన మండే చమురు, వెనక్కి తగ్గుతున్న మలయ్ రెజిమెంటు సైనికులకే అడ్డంగా నిలిచింది. ద్వీపమంతా నల్లపొగ కమ్మి, దానిగుండా పడిన వాన మనుషుల బట్టల మీద మసిచుక్కలు మిగిల్చిందని నాటివాళ్ళు చెప్పారు. ట్యాంకు చుట్టూ గట్టు లేకపోతే చమురు వాగులా ప్రవహిస్తుందని, వాగు ఎవరి మాటా వినదని చెప్పడానికి ఇంతకంటే దారుణమైన నిదర్శనం అక్కరలేదు. ట్యాంకులోని మొత్తాన్ని పట్టగల గట్టు ప్రతి ట్యాంకు చుట్టూ ఉండాలన్నది నేటి నిల్వ కేంద్రాల్లో మొదటి నియమం.

జెట్ ఇంజను రాకతో పెట్రోలు స్థానంలోకి మళ్ళీ కిరసనాయిలు జాతి ఇంధనం వచ్చింది. ఒకరకంగా శామ్యూల్ సరుకే తిరిగివచ్చినట్టు. నేడు జెట్ ఏ-1 అని పిలిచే ఈ ఇంధనం పెట్రోలంత తొందరగా అంటుకోదు. ఆ మేరకు నిప్పు భయం తగ్గింది. నీటి భయం పెరిగింది. దీనికి కారణాలున్నాయి.

పెట్రోలులో నీరు త్వరగా అడుగుకు దిగిపోతుంది. కిరసనాయిలు దానికంటే చిక్కన, బరువు. అందులో నీటి తుంపర చాలాసేపు తేలుతూ ఉంటుంది. ట్యాంకులోకి కొత్త ఇంధనం వచ్చాక ఒక్కో అడుగు లోతుకు ఇన్ని గంటలని లెక్కగట్టి కదలకుండా ఉంచవలసిందే. పైగా వెచ్చని ఇంధనంలో కొంత నీరు కంటికి కనబడకుండా కరిగి ఉంటుంది. విమానం పైకెళ్ళి ఇంధనం చల్లబడితే ఆ నీరు విడిపోతుంది, ఇంకా చల్లబడితే మంచవుతుంది. 2008 జనవరి 17న బీజింగ్ నుండి వచ్చిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 777 హీత్రో రన్‌వేకి కాస్త ముందే నేలమీద పడిపోవడానికి కారణం ఆ మంచే. ఇంధనాన్ని వెచ్చబెట్టే పరికరం ముఖద్వారాన్ని అది మూసేసింది. ఆ ఇంధనం నిర్ణీత ప్రమాణాలకు లోబడినదే. అదృష్టవశాత్తు ఎవరూ చనిపోలేదు.

మూడో కారణం ప్రాణమున్నది. హార్మోకోనిస్ రెజినే అనే బూజు కిరసనాయిలును తిని బతుకుతుంది. దానికి కావలసింది ఇంధనం, కొద్దిపాటి నీరు, వెచ్చదనం. ఇంధనానికీ నీటికీ మధ్య గీతలో జిగట పొరలా పెరిగి, వడపోతలను మూసి, ఆమ్లాలు విడిచి రెక్కలోని అల్యూమినియాన్ని తింటుంది. పొద్దూమాపూ ఇరవై అయిదు, ముప్ఫై డిగ్రీల మధ్య ఉండే సింగపూరు దానికి పుట్టిల్లు లాంటిది. ఉప్పుగాలి, ఏడాది పొడుగునా వాన, రోజూ ట్యాంకు గాలిగొట్టం గుండా పీల్చుకునే తేమ: ఉష్ణమండలంలో ఇంధనాన్ని పొడిగా ఉంచడం ఒకసారి చేసి ఊరుకునే పని కాదు, నిత్యకృత్యం.

ఈ నిత్యకృత్యం మూడు మాటల్లో ఇది. ట్యాంకు అడుగును గిన్నెలా వాలుగా కట్టి, నీరు ఒక గుంటలో చేరేట్టు చేస్తారు. ఇంధనాన్ని అడుగునుండి కాక, పైన తేలే గొట్టంతో తోడుతారు. రోజూ గుంటలోది వంచి, గాజు సీసాలో పట్టి, వెలుతురుకు ఎత్తి చూస్తారు. అది తేటగా, మెరుస్తూ ఉండాలి. చూపుకు అందని తేమ కోసం చిన్న సూదిగొట్టానికి రసాయనం పూసిన బిళ్ళ తగిలించి ఇంధనాన్ని పీలుస్తారు. నీరుంటే పసుపు బిళ్ళ పచ్చబడుతుంది.

చిన్న విమానాలు, పెద్ద విమానాలు కలిసే సెలెతార్ లాంటి చోట్ల ఇంకో కల్తీ భయమూ ఉంది: ఒక ఇంధనం బదులు మరొకటి పోయడం. పిస్టను ఇంజన్ల పెట్రోలుకు నీలిరంగు కలిపేదీ, దాని గొట్టాలకు ఎర్ర గుర్తు, జెట్ ఇంధనానికి నల్ల గుర్తు పెట్టేదీ అందుకే. జెట్ ఇంధనం గొట్టం మూతిని బాతుముక్కులా వెడల్పు చేసి, పెట్రోలు రంధ్రంలో పట్టకుండా చేశారు. మనిషి మరిచినా ఇనుము మరవదు.

1981 జూలై 1న చాంగి విమానాశ్రయం మొదలయ్యే నాటికి పెద్ద విమానాశ్రయాల్లో ఇంధనం భూగర్భ గొట్టాల్లో ప్రవహించడం మామూలైంది. ట్యాంకుల నుండి విమానాలు నిలిచే చోటి దాకా నేలకింద గొట్టాలు, అక్కడ గుంటలో ఒక కవాటం. చిన్న బండి వచ్చి ఒక గొట్టాన్ని ఆ గుంటకు, మరొకదాన్ని విమానం రెక్కకు తగిలిస్తుంది. వేల లీటర్ల ఇంధనం మోసే లారీలు రన్‌వేల చుట్టూ తిరగనక్కరలేదు. ఈ ఏర్పాటు ఎంతో సురక్షితం. కానీ ఇప్పుడు ఇంధనం ఎవరి కంటా పడదు. షామీ తోలు పని ఆ బండిలోని వడపోత గొట్టాలు చేయాలి.

వాటిలో ఎక్కువగా వాడుకలోకి వచ్చినవి నీటిని పీల్చి బిగుసుకునే పొడి నింపినవి. పసిపిల్లల డయపర్లలో వాడే పదార్థమే అది. నీరు తగిలితే ఉబ్బి, జిగురై, దారి మూసేస్తుంది. విమానంలోకి నీరు బదులు అసలేమీ పోదు. ఆలోచనగా ఇది చక్కనిది. నీటిని కనిపెట్టే పని, ఆపే పని ఒకే వస్తువు చేస్తుంది, మనిషి చూడనక్కరలేదు. ఆ పొడే జారి విమానంలోకి పోతే ఏమవుతుందన్న ప్రశ్న మాత్రం సరిగా వేసుకోలేదు.

2010 ఏప్రిల్ 13న ఆ ప్రశ్నకు జవాబు వచ్చింది. ఇండొనేసియాలోని సురబయ నుండి హాంకాంగుకు కాథే పసిఫిక్ 780 బయలుదేరింది. ఎయిర్‌బస్ ఏ330 విమానం, 309 మంది ప్రయాణికులు, 13 మంది సిబ్బంది. దారిలోనే ఇంజన్ల ఒత్తిడి సూచికలు కొద్దికొద్దిగా ఊగడం మొదలైంది. నేలమీది నిర్వహణ సిబ్బందితో మాట్లాడి, ప్రయాణం సాగించవచ్చని పైలట్లు అనుకున్నారు. హాంకాంగు దగ్గరికి దిగుతుండగా రెండో ఇంజను దాదాపు పనిమానేసింది. మొదటి ఇంజను డెబ్భై శాతం వేగం దగ్గర బిగుసుకుపోయింది: పెంచలేరు, తగ్గించలేరు. ఇంజను ఆగిన విమానాన్ని దించే సాధన పైలట్లకు ఉంటుంది. ఆగనంటున్న ఇంజనుతో దించడం ఏ పాఠంలోనూ లేదు. కెప్టెన్ మాల్కం వాటర్స్, సహ పైలట్ డేవిడ్ హేహో ఆ విమానాన్ని 231 నాట్ల వేగంతో, అంటే మామూలుగా దిగే వేగానికి ఎన్నో మెట్లు పైన, నేలకు తాకించారు. రన్‌వే ఇంకా 309 మీటర్లు ఉందనగా అది ఆగింది. చక్రాల దగ్గర మంటలు కనిపించడంతో జారుడు మెత్తల మీదుగా అందరినీ దింపారు. ఆ దిగడంలో 57 మందికి గాయాలయ్యాయి. ప్రాణం ఎవరిదీ పోలేదు.

హాంకాంగు పౌర విమానయాన శాఖ 2013లో తుది నివేదిక ఇచ్చింది. అది చెప్పిన గొలుసు ఇది. సురబయలో విమానాలు నిలిచే స్థలాన్ని విస్తరిస్తూ భూగర్భ ఇంధన గొట్టాన్ని పొడిగించారు. ఆ పనిలో ఉప్పునీరు గొట్టంలో చేరింది. పని ముగిశాక గొట్టాన్ని కడిగి, పరీక్షించి, తిరిగి వాడుకలోకి తేవలసిన విధానం సవ్యంగా జరగలేదు. ఉప్పునీరు బండిలోని వడపోతలను తాకింది. అసలు చిక్కు ఇక్కడే: ఆ పొడి మంచినీటికి బిగుసుకున్నంత గట్టిగా ఉప్పునీటికి బిగుసుకోదు. దారి పూర్తిగా మూయకపోగా, అందులోని కొంత పదార్థం అతిసూక్ష్మమైన గోళీలుగా ఇంధనంతో పాటు విమానంలోకి వెళ్ళింది. ఇంధనాన్ని కొలిచి ఇంజనుకు వదిలే కవాటంలో అవి చేరి, దాన్ని కదలకుండా పట్టేశాయి. ఒకే ట్యాంకులది కాబట్టి రెండు ఇంజన్లకూ అదే గతి. రెండు ఇంజన్లు పెట్టేది ఒకటి చెడితే మరొకటి ఉంటుందని. ఇంధనం దగ్గర ఆ లెక్క పనిచేయదు.

నివేదిక చదువుతుంటే నన్ను ఎక్కువగా పట్టి నిలిపింది ఇంజన్ల సంగతి కాదు. సురబయలో ఇంధనం నింపుతున్నప్పుడే గొట్టం వణికిందనీ, పని మధ్యలో ఆగిందనీ అందులో ఉంది. వడపోత తన భాషలో చెప్పింది. 1930లో అయితే తోలు మీద నీరు నిలిచినట్టే అది. కానీ ఆ వణుకును నీరుగా చదవడం అక్కడున్నవాళ్ళకు ఎవరూ నేర్పలేదు. వాళ్ళను నిందించడం సులువు. పరికరం మీద నమ్మకం పెంచి, మనిషి చదువును తగ్గించిన పద్ధతిని కదా ముందు ప్రశ్నించాలి.

ఈ తరహా వడపోతల ప్రమాణాన్ని 2020 చివరికి ఉపసంహరించారు. ఇప్పుడు మట్టిని ఆపే వడపోత వేరుగా, నీటిని కనిపెట్టే ఎలక్ట్రానిక్ సాధనం వేరుగా పెట్టే పద్ధతి వస్తోంది. కాలం ఎంత పట్టిందో చూడండి: ఘటనకూ ఉపసంహరణకూ మధ్య పదేళ్ళు. ప్రపంచంలోని అన్ని విమానాశ్రయాల్లో ఒకే వస్తువు ఉన్నప్పుడు దాన్ని మార్చడం అంత తేలిక కాదు.

మందు కూడా కల్తీ కాగలదని అదే 2020లో రుజువైంది. ఫిబ్రవరి 26న గాట్విక్ నుండి లేచిన ఒక ఎయిర్‌బస్ ఏ321లో రెండు ఇంజన్లూ తడబడ్డాయి; పైలట్లు వెంటనే తిప్పి దించారు. అంతకుముందు మరో దేశంలో మరమ్మతుకు ఇచ్చినప్పుడు, ట్యాంకుల్లోని బూజును చంపడానికి వేసిన మందు అనుమతించిన మోతాదుకు సుమారు 38 రెట్లు పడింది. పది లక్షల్లో ఇన్ని పాళ్ళన్న లెక్కను చేసినవారు తప్పుగా అర్థం చేసుకున్నారు. నీరు చేరకుండా చూసి ఉంటే బూజు లేదు, బూజు లేకుంటే మందు లేదు.

మళ్ళీ పుంగ్గోల్‌కు వద్దాం. ఇంతదాకా చెప్పింది నీటి నుండి ఇంధనాన్ని కాపాడటం. ఇంధనం నుండి నీటిని కాపాడటం ఇక్కడ ఈమధ్యే కొత్త అర్థం సంతరించుకుంది. సెలెతార్ విమానాశ్రయానికి ఇరుపక్కలా ఉప్పుటేళ్ళు ఉండేవి. పడమటి సెలెతార్ ఏటికి 1986లో, తూర్పున ఉన్న పుంగ్గోల్ ఏటికి 2011లో ఆనకట్టలు వేసి మంచినీటి జలాశయాలుగా మార్చారు. పూర్వం ఏటిలో పడిన చమురు ఆటుపోట్లతో సముద్రంలోకి కొట్టుకుపోయేది. అది మంచిదని కాదు, అప్పట్లో అంతే. ఇప్పుడా ఏరు తాగునీరు. 1891లో బుకోమ్‌కు పంపిన 'దూరం' అనే సూత్రం ఇక్కడ అసాధ్యం. మిగిలింది గట్లు, చమురును విడదీసే కుండీలు, తనిఖీ.

దూరం ఎంత నమ్మరానిదో జలసంధి ఆవలి గట్టు కూడా చెబుతూనే ఉంది. 2017 జనవరి 3న పాసిర్ గుడాంగ్ దగ్గర రెండు కంటైనర్ ఓడలు ఢీకొని సుమారు 300 టన్నుల చమురు జలసంధిలో పడింది. ఈవలి గట్టు చేపల పెంపకందార్లు నష్టపోయారు. 2019 మార్చిలో అక్కడి కిమ్ కిమ్ నదిలో ఎవరో అక్రమంగా పారబోసిన రసాయన వ్యర్థాల ఆవిరికి వేలమంది అస్వస్థులయ్యారు, వంద పైగా బడులు మూసేశారు. ఈవల గాలి సురక్షిత స్థాయిలోనే ఉందని సింగపూరు అధికారులు కొలిచి చెప్పారు. అయినా ఆ వారం పుంగ్గోల్‌లో కిటికీ తెరిచే ముందు గాలి వాసన చూడని ఇల్లు తక్కువే అయి ఉంటుంది.

తెలుగువాడికి ఆ వార్త విన్నప్పుడు విశాఖ గుర్తుకు రాకమానదు. 1997 సెప్టెంబరు 14న హెచ్‌పీసీఎల్ శుద్ధి కర్మాగారంలో గ్యాస్ లీకై, ట్యాంకులు ఒకదాని తర్వాత ఒకటి అంటుకుని సుమారు అరవై మంది మరణించారు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుండి వెలువడిన స్టైరీన్ ఆవిరి పన్నెండు మందిని చంపింది. లాక్‌డౌన్‌లో కదలక నిలిచిన ద్రవం తనలో తానే వేడెక్కింది. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి సంఘం ఎత్తిచూపిన లోపాల్లో ఒకటి నన్ను వదలదు: ఉష్ణోగ్రత కొలిచే సాధనం ట్యాంకు అడుగున మాత్రమే ఉంది. అడుగు చల్లగా ఉంది, కొలత సవ్యంగా ఉంది. వేడి పైపొరల్లో పెరుగుతోంది.

జెట్ ఇంధనం ట్యాంకులో అపాయం అడుగున ఉంటుంది, పైనుండి పట్టిన నమూనా తేటగానే కనిపిస్తుంది. స్టైరీన్ ట్యాంకులో అది తలకిందులు. ట్యాంకు లోపలంతా ఒకే ద్రవం, కాబట్టి ఎక్కడ చూసినా ఒకటేనన్న భ్రమ రెండుచోట్లా ఒకటే. నిల్వ చేసిన ద్రవం కదలకుండా ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, పొరలుగా విడిపోతుంది, తడిని పీల్చుకుంటుంది, వేడెక్కుతుంది, మొలకెత్తుతుంది కూడా.

సెలెతార్‌లో ఇప్పుడు రోల్స్ రాయిస్ వారి ట్రెంట్ ఇంజన్ల కూర్పు జరుగుతోంది. కాథే 780 రెక్కల కింద ఉన్నవీ, హీత్రోలో పడ్డ విమానానికి ఉన్నవీ ఆ కుటుంబం ఇంజన్లే. రెండు సందర్భాల్లోనూ దారి మూసుకుపోయింది ఇంధనం వైపు నుంచి. ఆ కర్మాగారానికి కూతవేటు దూరంలో, వానవెలిసిన ఉదయాల్లో, శిక్షణ విమానాల పక్కన వంగి నిలబడ్డ మనుషులు రెక్క కింది చిన్న కవాటం నొక్కి, గాజు గొట్టంలోకి కాస్త ఇంధనం పట్టి, ఆకాశం వైపు ఎత్తి చూస్తుంటారు. అడుగున ముత్యంలా బొట్టు కనిపిస్తే పారబోసి మళ్ళీ పడతారు.